రొయ్యకు రాసే టైము మనిషికి కూడా రాయించండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల కార్మిక శాఖ, ఫ్యాక్టరీల శాఖ అధికారులకు,

నమస్కారం.

నేను పదకొండేళ్లు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో టైంకీపరుగా పనిచేశాను. గేటు పక్కన చిన్న గది, ఒక టేబులు, గోడ గడియారం, రెండు పుస్తకాలు. ఆ రెండు పుస్తకాల గురించే ఈ ఉత్తరం.

ఒకటి పక్కా రిజిస్టరు, రెండోది కచ్చా పుస్తకం. నిజం కచ్చా పుస్తకంలో ఉండేది. ఏ ఊరి బస్సు ఎన్నింటికి వచ్చింది, కూలీలను తెచ్చే ఏ మేస్త్రీ మనుషులు ఎంతమంది దిగారు, రాత్రి ఎన్నింటికి వదిలారు, అన్నీ అందులో రాసేవాణ్ణి. పక్కా రిజిస్టరులో మాత్రం అందరూ పొద్దున ఎనిమిదికి వచ్చి సాయంత్రం ఐదుకి ఇంటికి పోయేవాళ్లు. అందరికీ ఒకే టైము ఉంటే చూసేవాళ్లకు అనుమానం వస్తుందని ఒకరికి 7.56, ఇంకొకరికి 8.03, మరొకరికి 5.04 అని మార్చి మార్చి రాసేవాణ్ణి. నెలాఖరున సంతకాలు ముందే పెట్టించుకుని, గడులు తర్వాత నింపిన రోజులూ ఉన్నాయి. నేర్పింది పైవాళ్లే, కానీ రాసిన చెయ్యి నాది. ఆ బరువు దించుకోవడానికి కూడా ఈ ఉత్తరం రాస్తున్నాను.

వేలిముద్ర మిషన్లు వచ్చాక ఈ బాధ పోతుందనుకున్నాను. పోలేదు. పొద్దస్తమానం ఐసు నీళ్లలో, క్లోరిన్ నీళ్లలో నానిన వేళ్లు ముడతలు పడి, తోలు లేచిపోయి ఉంటాయి. మిషను ఆ ముద్రను పట్టదు. నాలుగుసార్లు నొక్కి చూసి, పడకపోతే మళ్లీ నా పుస్తకంలోకే వచ్చేవాళ్లు. ముద్ర పడినవాళ్లను ఐదింటికి వెళ్తున్నట్టు నొక్కించి తిరిగి లైన్లోకి పంపడం చూశాను. మిషను అబద్ధం చెప్పదంటారు గానీ, దాని ముందు మనిషిని ఎప్పుడు నిలబెట్టాలో తేల్చేది మిషను కాదు.

ఉద్యోగం మానేసిన ఏడాది సంక్రాంతికి మా మరదలి ఇంటికి పోయాను. ఇందుకూరుపేట వైపు ఊరు. ఆమె వేరే ప్లాంటులో తలలు తీసే టేబులు మీద చేసేది. వంటింటి గోడకు తిథులు, వర్జ్యాలు ఉండే మామూలు క్యాలెండరు వేలాడుతూ ఉంది. ప్రతి తేదీ గడిలోనూ పెన్సిలుతో టైము రాసి ఉంది. 7.15. 10.40. 6.30. 11.20. ఏందమ్మా ఇది అని అడిగాను.

"పక్కింటి అవ్వ లెక్క బావా. పిల్లకాయల్ని చూసుకుంటాది గదా. పొద్దుగూకిందాకా ఊరికే చూస్తాది. పొద్దుగూకినాక గంటకు పది రూపాయలు ఇస్తా ఉండా. పెద్దామె, నిద్ర మేలుకోని కూర్చుంటాది. ఆమె కష్టం మనం ఉంచుకోకూడదు" అంది.

రోజుకు 480 రూపాయల కూలి తెచ్చుకునే మనిషి పక్కింటి అవ్వకు ఓవర్‌టైం (ఓటీ) లెక్క కట్టి ఇస్తోంది. పదకొండేళ్లు ఆ లెక్కను చెరిపేసే పని చేసినవాణ్ణి నేను. ఆ గోడ ముందు చాలాసేపు నిలబడ్డాను.

ఆ రాత్రే ఇద్దరం కూర్చుని నాలుగు వారాలకు లెక్క వేశాం. మధ్యలో అన్నం తిన్న టైము తీసేశాం. వారానికి 48 గంటలు దాటినవి మొత్తం 58 గంటలు తేలాయి. ఎనిమిది గంటలకు 480 అంటే గంటకు 60. చట్టం ప్రకారం ఓటీ గంటకు దానికి రెట్టింపు, 120. అంటే 6,960 రూపాయలు రావాలి. వాళ్లు ఇచ్చింది రాత్రి పది దాటిన రోజుకు వంద చొప్పున తొమ్మిది రోజులకు 900. మిగిలిన 6,060 రూపాయలు ఎటు పోయాయో ఏ కాగితంలోనూ లేదు. అది పన్నెండు రోజుల కూలి కంటే ఎక్కువ. లెక్క విని ఆమె కోప్పడలేదు. "అంతుంటాదా?" అని మాత్రం అడిగి, మళ్లీ ఇంకోసారి కూడమంది.

ఈ పని ఎందుకు ఇట్లా సాగుతుందో నాకు తెలుసు. రొయ్య ఆగదు. గుంట దగ్గర పట్టుబడి అయిన దగ్గర్నుంచి అది ఐసు మీద బతికే సరుకు. తెల్లమచ్చ రోగం తగిలిందంటే చుట్టుపక్కల గుంటలన్నీ రెండు మూడు రోజుల్లో పట్టేస్తారు. తుపాను హెచ్చరిక వచ్చినా అంతే. లారీలు ఒకదాని వెనుక ఒకటి వస్తే వచ్చిన లోడంతా ఆ రాత్రే ఫ్రీజరెక్కాలి. ఐదైంది, మేం పోతాం అంటే కుదిరే పని కాదని లైన్లో నిలబడే ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వాళ్ల ఇళ్లలోనూ గుంటలు ఉన్నవాళ్లు, పట్టుబడికి పోయేవాళ్లు ఉన్నారు. సరుకు పాడైతే ఎవరి కడుపు కొట్టినట్టో వాళ్లకు తెలుసు. అందుకే వాళ్లు నిలబడతారు. ఆగని సరుకు కోసం అర్ధరాత్రి దాకా నిలబడే ఖర్చు ఎవరిది అన్నదే నేను అడుగుతున్నది. ఇప్పుడు ఆ ఖర్చు మా మరదలు, ఆ పక్కింటి అవ్వ మోస్తున్నారు.

సాయంత్రం ఎంత గుంజుతారో పొద్దునా అంత పోతుంది. బస్సు తెల్లవారుజామున ఐదున్నరకే ఊళ్లోకి వస్తుంది. లోడు రాకపోతే షెడ్డు కింద కూర్చోబెడతారు. ఐసు అందలేదు, కౌంటు (కేజీకి ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్క) దగ్గర రైతుకూ ఏజెంటుకూ పేచీ వచ్చింది, హైవే మీద లారీ ఆగిపోయింది, కారణం ఏదైనా మొదటి టబ్బు టేబులు మీద బోర్లించినప్పుడే పని మొదలైనట్టు లెక్క. బయట ఆగిన లారీకి వెయిటింగ్ చార్జీ ఇస్తారు. ఆ ఓచర్లు నా చేతి మీదుగానే పోయేవి. లోపల ఆగిన మనుషులకు ఏ ఓచరూ ఉండదు. మధ్యాహ్నానికే లోడు అయిపోతే బస్సెక్కించి సగం కూలి రాసేవాణ్ణి. అలా సగం రాయడం తప్పని నాకు చానా ఏళ్లు తెలియదు. పాత 1948 కనీస వేతనాల చట్టం 15వ సెక్షను అదే చెప్పింది, దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్‌లో 10వ సెక్షనూ ఇప్పుడు అదే చెబుతోంది: మనిషి పని చేయడానికి సిద్ధంగా ఉండి, పని లేక తక్కువ గంటలు చేస్తే ఆ రోజుకు పూర్తి కూలి ఇవ్వాలి.

చట్టం సంగతి మీకు నేను చెప్పేదేముంది. అయినా నాలాంటి టైంకీపర్లు, మేస్త్రీలు, లైన్లో ఉన్న ఆడవాళ్లు కూడా ఈ ఉత్తరం చదవాలని రాస్తున్నాను. 1948 నాటి పాత ఫ్యాక్టరీల చట్టంలో ఓటీకి రెట్టింపు కూలి అన్నది 59వ సెక్షను. మేనేజర్లు తరచూ "కేజీ లెక్క మనుషులకు ఓటీ ఏంది?" అంటారు. ఆ సెక్షనులోనే మూడో ఉపవిభాగం దానికి జవాబు చెప్పింది. కేజీ లెక్కన, టబ్బు లెక్కన పనిచేసేవాళ్లకైతే అంతకు ముందు నెలలో పనిచేసిన రోజుల సగటు సంపాదన చూసి, దాన్నే రోజు కూలిగా తీసుకుని దాని మీద రెట్టింపు కట్టాలంది. ఒలిచిన కేజీకి డబ్బు ముట్టింది కదా అని గంట మాయం కాదు. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్ 14వ సెక్షనులోనూ రెట్టింపుకు తక్కువ కాకూడదనే ఉంది. రోజు పని గంటల పరిమితిని పదికి పెంచే సవరణను మన శాసనసభ 2025లో ఆమోదించింది. నాకు అది నచ్చలేదు, దాని మీద వేరే చర్చ ఉంది. కానీ ఆ సవరణ కూడా వారానికి 48 గంటల హద్దును, దాటిన గంటకు రెట్టింపును ముట్టుకోలేదు. పాతదైనా కొత్తదైనా ఏ చట్టంలోనూ "పది దాటితే వంద" అన్న మాట లేదు.

కాబట్టి కొరత చట్టంలో లేదు, లెక్కలో ఉంది. గంట కాగితం మీదికి రాకపోతే ఏ సెక్షనూ దాన్ని రెట్టింపు చేయలేదు. సున్నాను రెండుతో గుణిస్తే సున్నానే.

ఇక్కడే మీకు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఉంది. ప్లాంటులో టైము రాయరని అనుకోకండి. అంత నిక్కచ్చిగా టైము రాసే చోటు ఈ జిల్లాల్లో ఇంకోటి ఉండదేమో. లారీ గేటు దాటిన నిమిషం రాస్తారు. సరుకు దించేటప్పుడు థర్మామీటరు గుచ్చి రొయ్య ఎంత చల్లగా ఉందో రాస్తారు. లాటు నంబరు వేస్తారు, ఏ రైతు ఏ గుంట అన్నది ఆ నంబరు పట్టుకుంటే తెలిసిపోతుంది. తలలు తీయడానికి ఎప్పుడు పోయింది, గ్రేడింగుకు ఎప్పుడు వచ్చింది, ఫ్రీజరులో ఎప్పుడు పెట్టారు, తీసినప్పుడు లోపల మైనస్ 18 డిగ్రీలు వచ్చిందా, మెటల్ డిటెక్టరు సరిగా మోగుతోందా, ప్రతిదానికీ టైము వేసి సంతకం చేస్తారు. హాసెప్ రికార్డులు అంటారు వీటిని, తినే సరుకులో ప్రమాదం రాకుండా ప్రతి మెట్టులోనూ చూసి రాసి పెట్టే పద్ధతి. సముద్ర ఉత్పత్తులకు అమెరికా 1997 డిసెంబరు నుంచి ఈ పద్ధతిని తప్పనిసరి చేసింది. ఆ కాగితాలు లేకపోతే కంటెయినరు కదలదు.

అంటే 40 కౌంటు రొయ్య ఒకటి రాత్రి 12.50కి ఫ్రీజరులోకి పోయిందని ప్లాంటు దగ్గర సంతకంతో సహా కాగితం ఉంటుంది. దాని తల తీసిన మనిషి సాయంత్రం ఐదుకే ఇంటికి పోయిందని అదే ప్లాంటు హాజరు రిజిస్టరులో ఉంటుంది. ఈ రెండు కాగితాలను ఒకే టేబులు మీద పక్కపక్కన పెట్టమనే నేను మిమ్మల్ని వేడుకుంటున్నది.

విదేశీ కొనుగోలుదారుల తరఫున ఆడిట్‌కు వచ్చినవాళ్లను చూశాను. వాళ్లు వచ్చే తేదీ మాకు ముందే తెలిసేది. ఆ వారం ఓటీ ఉండదు, సబ్బులు కొత్తవి వస్తాయి, ఎవరు అడిగినా ఐదుకే పోతామని చెప్పాలని మేస్త్రీ అందరికీ నేర్పుతాడు. వాళ్లు రొయ్య కాగితాలను ఒక గదిలో, మనుషుల కాగితాలను ఇంకో గదిలో చూసేవాళ్లు. రెండు గదుల మధ్య తలుపు ఎవరూ తీయలేదు. మీకు ఆ తలుపు తీసే అధికారం ఉంది. పక్కా రిజిస్టరును దానికదే చూస్తే తప్పు దొరకదు. తప్పు దొరక్కుండా రాయడమే నా పని. ఫ్రీజరు లాగు పుస్తకం (సరుకు ఫ్రీజరులో ఎన్నింటికి పెట్టారో రాసేది), బస్సుల ట్రిప్ షీట్లు, గేటు దగ్గర వాహనాల రిజిస్టరు చూడండి. మనుషుల గంటలు వాటిలో ఉన్నాయి. వాటిని మార్చి రాయడం అంత సులువు కాదు. ఫ్రీజరు లాగులో టైము తిప్పితే సరుకు తిరిగొస్తుంది, ట్రిప్ షీటులో తిప్పితే బస్సు యజమాని ఊరుకోడు.

యాజమాన్యాలు చెప్పే కష్టాలు అబద్ధమని నేను అనను. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా 50 శాతం సుంకం వేసినప్పుడు మన తీరం అంతా వణికింది. రైతుకు కౌంటు ధర పడిపోయింది. అలాంటప్పుడు ఓటీ అడుగుతారా అని ఒక పెద్దమనిషి నన్నే నిలదీశాడు. 2020లో కొవిడ్ కష్టాన్ని చూపించి గుజరాత్ ప్రభుత్వం రోజుకు పన్నెండు గంటల పని, ఓటీకి మామూలు కూలి చాలు అని నోటిఫికేషను ఇచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 1న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, ఆ కాలానికి రెట్టింపు ఓటీ కట్టి ఇవ్వమంది. దేశమంతా మూతపడిన రోజుల కష్టానికే కూలి కోయడానికి వీల్లేదన్నప్పుడు సుంకం పేరు చెప్పి ఎట్లా కోస్తారు? పైగా ధర బాగున్న ఏళ్లలో కూడా నేను రాసింది 5.04 అనే.

ఒడిశా నుంచి వచ్చి ప్లాంటు పక్క హాస్టళ్లలో ఉండే పిల్లల సంగతి ఇంకా కష్టం. వాళ్లకు ఎక్కి పోవడానికి బస్సు కూడా లేదు, ఎప్పుడు తలుపు తడితే అప్పుడు పని. ముందే అడ్వాన్సు తీసుకుని ఉంటారు, గంటల లెక్క అడిగే నోరు ఉండదు. వాళ్ల భాష తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని, మేస్త్రీ లేకుండా ఒక్కసారి మాట్లాడండి.

ఆడవాళ్లు ఎందుకు ఫిర్యాదు ఇవ్వరని అడుగుతారేమో. ఇస్తే మర్నాడు ఆ ఊళ్లో బస్సు ఆగదు. అంతే. ఎవరూ ఉద్యోగం తీసేశామని కాగితం ఇవ్వరు, బస్సు ఆగకుండా పోతుంది. ఒక్కోసారి ఆమెనే కాదు, ఆమె ఊరి ఆడవాళ్లందరినీ వదిలేసి పోతుంది. అప్పుడు ఊరే ఆమె మీద పడుతుంది. ఈ భయం ముందు సెక్షన్లు చదివి వినిపిస్తే ఏం లాభం?

అందుకే వేతనాల కోడ్ 45వ సెక్షను ఎంతో విలువైనదని నేను నమ్ముతున్నాను. రావాల్సిన డబ్బు కోసం అర్జీ ఉద్యోగే పెట్టనక్కర్లేదు, రిజిస్టరైన యూనియన్ పెట్టవచ్చు, మీ ఇన్‌స్పెక్టరే పెట్టవచ్చు. మూడేళ్ల వెనక్కి పోవచ్చు. పాత కనీస వేతనాల చట్టంలో ఈ గడువు ఆరు నెలలే ఉండేది. ఎగ్గొట్టిన మొత్తం తేలాక దానికి పదింతల దాకా నష్టపరిహారం వేసే వీలుంది. ఇంకో మాట, ఈ కోడ్‌లో కూడా 59వ సెక్షను ఒకటుంది. డబ్బు తక్కువ ఇచ్చారని అర్జీ పడితే, ఇచ్చామని రుజువు చేసుకునే భారం యజమానిదే. పాత చట్టంలో 59 రెట్టింపు ఇవ్వమంది, కొత్త కోడ్‌లో 59 ఇచ్చినట్టు చూపించమంటోంది. లైన్లో ఉన్న ఆడవాళ్లు గుర్తు పెట్టుకోవడానికి ఒకే అంకె చాలు.

మీరే అర్జీదారు అయితే ఏ ఒక్క మనిషి పేరూ ముందుకు రాదు, ఏ ఊళ్లోనూ బస్సు ఆగకుండా పోదు. ఒక్క ప్లాంటులో, ఒక్క నెల ఫ్రీజరు లాగునూ హాజరునూ సరిపోల్చి మీ పేరుతో ఒక్క అర్జీ పెట్టి చూడండి. మిగతా ప్లాంట్ల టైంకీపర్లకు ఆ సాయంత్రానికే కబురు అందుతుంది. ఆ మనుషులు నాకు తెలుసు. అబద్ధం రాయడం ఇష్టమై రాసేవాళ్లు కారు. "అట్టా రాస్తే మాటొస్తాది సార్" అని పైవాళ్లకు చెప్పడానికి వాళ్లకో కారణం కావాలి.

దాంతోపాటు ఒక చిన్న చీటీ అడుగుతున్నాను. లోపలికి వచ్చిన టైము, బయటికి పోయిన టైము వేసి, బస్సెక్కే ముందు ప్రతి మనిషి చేతికీ ఆ రోజు చీటీ ఇప్పించండి. వేతన స్లిప్పు ఇవ్వాలని కోడ్ 50వ సెక్షను ఎటూ చెబుతోంది, కానీ నెలకొకసారి వచ్చే స్లిప్పులో మొత్తమే ఉంటుంది, గంటలు ఉండవు. లాటు నంబరు వేసే స్టిక్కరు మిషను ప్రతి ప్లాంటులోనూ ఉంది. రొయ్య పెట్టె మీద అంటించే కాగితమే మనిషి చేతిలో పెడితే చాలు, కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. టైము లైన్లో మొదటి టబ్బు పడినప్పటి నుంచి కాదు, ప్లాంటు గేటు లోపల అడుగు పెట్టినప్పటి నుంచి ఉండాలి. వేలిముద్ర పడనివాళ్లకు కార్డు ఇవ్వండి.

చీటీ ఇచ్చినంత మాత్రాన ఆడవాళ్లు దాన్ని చదివి దాచుకుంటారా అని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు దూబగుంటలో సారా కొట్టు మూయించడంతో మొదలైన పోరాటం, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా పోయింది ఈ నెల్లూరు జిల్లా నుంచే. వ్యవసాయ కూలీలను సంఘంగా కూడగట్టిన పుచ్చలపల్లి సుందరయ్య పుట్టిన అలగానిపాడు, మా మరదలు వాళ్ల ప్లాంటుకు బస్సులు పోయే వైపే. ఆ బస్సుల్లో కూర్చునే ఆడవాళ్లు డ్వాక్రా పొదుపు పుస్తకాల్లో రూపాయి తేడా వస్తే పట్టుకునేవాళ్లు. గోడ మీద క్యాలెండరులో గంటలు రాసుకునే మనిషికి చీటీ దాచుకోవడం ఎవరూ నేర్పనక్కర్లేదు.

నా పేరు, నేను చేసిన చోట్లు ఇక్కడ రాయకపోవడానికి కారణం, మా మరదలు ఇంకా అదే బస్సు ఎక్కుతోంది. మీ కార్యాలయానికి వచ్చి అన్నీ చెబుతాను. పక్కా రిజిస్టరులో ఏ అంకెలు నింపినవో, ఏవి నిజంగా ఆ రోజు రాసినవో సిరా చూసి, వరుస చూసి గుర్తుపట్టగలను. మీరు తనిఖీకి పోయే రోజు ఎన్నింటికి రమ్మన్నా వస్తాను. రాత్రి పదకొండుకైతే ఇంకా మంచిది. అప్పుడు షెడ్డులో లైట్లు వెలుగుతూ ఉంటాయి.

ఇట్లు,
ఒక మాజీ టైంకీపరు,
నెల్లూరు